లెక్క ఒకటే, సరుకు వేరు: కరెంటు, నీళ్లు, గ్యాస్ సంస్థల నిర్వహణ

కరెంటు పంపిణీ సంస్థ ధరల ఆమోదం కోసం నియంత్రణ మండలి ముందు వేసిన టారిఫ్ పిటిషన్‌నీ, నీటి సరఫరా సంస్థ వేసిన పిటిషన్‌నీ పక్కపక్కన పెట్టి పేర్లు మూసేస్తే, ఏది ఎవరిదో పోల్చుకోవడానికి కాసేపు పడుతుంది. ఆస్తుల పట్టిక, తరుగుదల, వడ్డీ, జీతాలు, మరమ్మతులు, కొనుగోలు ఖర్చు, చివర్లో పెట్టుబడి మీద రాబడి. అన్నీ ఒకే తాను ముక్కలు. అందుకే ఒక సంస్థలో ఫైనాన్స్ చూసినవాళ్లు ఇంకోదానికి తేలిగ్గా మారిపోతారు. మారాక కొన్నాళ్లు బాగానే నడుస్తుంది కూడా. చిక్కంతా ఆ కాగితాల్లో లేని చోట ఉంది. సరుకు నిల్వ ఉంటుందా, తప్పు జరిగితే ఎన్ని నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది, ఒకసారి ఆగితే మళ్లీ ఇవ్వడానికి ఏం చేయాలి అన్న సంగతుల్లో కరెంటుది ఒక తీరు, నీళ్లది ఒక తీరు, గ్యాస్‌ది మరో తీరు.

ముందు అందరికీ ఉమ్మడిగా ఉన్న లెక్క చూద్దాం. ఒకే వీధిలో రెండు కంపెనీలు రెండు వరసల స్తంభాలు పాతడం, రెండు వరసల పైపులు వేయడం దండగ. అందుకని ఒక్కరికే హక్కు ఇచ్చి, బదులుగా ధర మీద అదుపు పెడతారు. ప్రజల అవసరంతో ముడిపడిన వ్యాపారం ధరను ప్రభుత్వం నియంత్రించవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1877లో తేల్చింది. ఆ కేసు కరెంటుదీ కాదు, నీళ్లదీ కాదు, చికాగోలోని ధాన్యం గిడ్డంగులది. 1898లో శామ్యూల్ ఇన్సుల్ అనే కరెంటు కంపెనీ అధిపతే ముందుకొచ్చి మమ్మల్ని నియంత్రించండి అని అడిగాడు. 1907లో విస్కాన్సిన్, న్యూయార్క్ రాష్ట్రాలు ఆ పని మొదలుపెట్టాయి. అప్పటి నుంచి లెక్క ఎముకల గూడు పెద్దగా మారలేదు.

ఆ గూడును అంకెలతో చూస్తే బాగా అర్థమవుతుంది. ఒక పంపిణీ సంస్థ ఆస్తులు కొన్న ధరకు 1000 కోట్లు అనుకుందాం. ఇప్పటిదాకా రాసేసిన తరుగుదల 300 కోట్లు. వినియోగదారులే కట్టిన లైన్లు, గ్రాంటుతో వచ్చినవి 100 కోట్లు. వాటి మీద సంస్థ సొంత డబ్బు లేదు కాబట్టి తీసేయాలి. రోజువారీ ఖర్చులకు చేతిలో ఉండాల్సిన వర్కింగ్ క్యాపిటల్ 50 కోట్లు కలపాలి. మిగిలింది 650 కోట్లు. ఇదే రేట్ బేస్, అంటే రాబడి లెక్కగట్టే పెట్టుబడి. ఇందులో 60 శాతం అప్పు 8 శాతం వడ్డీకి, 40 శాతం వాటాదారుల సొమ్ము 12 శాతం రాబడికి. సగటు 9.6 శాతం, అంటే 62.4 కోట్లు. తరుగుదల లెక్కలో కూడా ఆ 100 కోట్లు వదిలేసి, మిగతా 900 కోట్లను 40 ఏళ్లకు పంచితే ఏడాదికి 22.5 కోట్లు. జీతాలు, మరమ్మతులు 120 కోట్లు, పన్ను 10 కోట్లు, సరుకు కొనుగోలు 400 కోట్లు. మొత్తం 614.9 కోట్లు. ఆ ఏడాది సంస్థకు రావలసిన ఆదాయం ఇదే.

ఇప్పుడు దీన్ని యూనిట్ల మీద పంచాలి. కొన్నది 100 కోట్ల యూనిట్లు. దారిలో పోయే యూనిట్ల నష్టం 10 శాతం దాకా ఒప్పుకుంటాం అని నియంత్రణ మండలి అంటే 90 కోట్ల యూనిట్లతో భాగిస్తారు. ధర యూనిట్‌కు 6.83 రూపాయలు అవుతుంది. కానీ నిజంగా నష్టం 15 శాతం ఉందనుకోండి. డబ్బు వచ్చేది 85 కోట్ల యూనిట్లకే, అంటే సుమారు 580.7 కోట్లు. లోటు 34 కోట్లు. వాటాదారులకు ఆ ఏడాది మొత్తం రావలసిన రాబడి 31.2 కోట్లు మాత్రమే. నష్టంలో ఐదు శాతం తేడా వాటాదారుల రాబడి అంతా మింగేసి ఇంకా పైన మిగులుతోంది. టారిఫ్ విచారణలో రాబడి 12 శాతమా 13 శాతమా అని గంటలకొద్దీ వాదిస్తారు. ఈ ఉదాహరణలో ఆ ఒక్క శాతం విలువ 2.6 కోట్లు. ఎక్కడ శ్రమ పెట్టాలో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

పిటిషన్లు దెబ్బతినే చోట్లు దాదాపు అన్ని రంగాల్లోనూ ఒకటే. పూర్తయిందని పుస్తకంలో రాసేసి, ఛార్జ్ చేయని సబ్‌స్టేషన్‌నో, నీళ్లు వదలని రిజర్వాయర్‌నో రేట్ బేస్‌లో కలుపుతారు. వాడుకలోకి రాని ఆస్తిని మండలి కొట్టేస్తుంది. పని ఆలస్యమైన కాలానికి పడ్డ వడ్డీలో, ఆలస్యం ఎవరి తప్పో చూసి కోత పెడుతుంది. గ్రాంటు ఆస్తుల్ని రేట్ బేస్ నుంచి తీసేసి, తరుగుదలలో మాత్రం ఉంచేయడం మరీ ఎక్కువగా కనిపించే పొరపాటు. బహిరంగ విచారణలో ఎవరో ఒకరు దాన్ని పట్టుకుంటే మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. ఏడాది ముగిశాక ట్రూ-అప్‌లో, అంటే అంచనాకూ అసలు ఖర్చుకూ పోల్చే లెక్కలో, తేడా సర్దుతారు కదా అని ధీమాగా ఉండటం కూడా మంచిది కాదు. సర్దుబాటు ఉత్తర్వు చేతికొచ్చేసరికి ఒకటి రెండేళ్లు గడిచిపోతాయి. ముందు ముందు టారిఫ్‌లో వసూలవుతుందని, రెగ్యులేటరీ అసెట్ పేరుతో బ్యాలెన్స్ షీట్‌లో రాసుకున్న మొత్తంతో వచ్చే నెల జీతాలు ఇవ్వలేం.

ఇంకో సంగతి. లెక్క ఏ తీరున కడితే సంస్థ ఆ తీరునే ఒరుగుతుంది. రాబడి పెట్టుబడి మీద ఇస్తే, బేరింగ్ మార్చితే సరిపోయే పంపును తీసేసి కొత్త పంపు పెట్టాలనిపిస్తుంది. మరమ్మతు ఖర్చు మీద పైసా రాబడి ఉండదు, కొత్త పంపు మీద పాతికేళ్లు వస్తుంది. ఈ ఒరుగుడును అవెర్చ్, జాన్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1962లోనే లెక్కకట్టి చూపించారు. దీనికి విరుగుడుగా స్టీఫెన్ లిటిల్‌చైల్డ్ 1983లో బ్రిటిష్ టెలికాం కోసం ధరకే పైకప్పు వేసే పద్ధతి సూచించారు. ద్రవ్యోల్బణంలోంచి 3 శాతం తీసేసి, అంతవరకే ధర పెంచుకోవాలి. ఖర్చు తగ్గించుకుంటే మిగిలింది సంస్థదే. ఇందులో జబ్బు తిరగబడుతుంది. ఐదేళ్ల కాలంలో మొదటి రెండేళ్లు మరమ్మతులు వాయిదా వేసి లాభం చూపించడం తేలిక. పైపు ఈ ఏడాదే పగలదు కదా. బ్రిటన్‌లోనే తర్వాత పెట్టుబడినీ నిర్వహణ ఖర్చునీ కలిపి ఒకే మొత్తంగా చూసే పద్ధతికి మారారు. నా ఉద్దేశంలో పద్ధతి ఏదైనా సరే, మేనేజర్ తన సంస్థ ఎటు ఒరుగుతుందో ముందే తెలుసుకుని, దానికి ఎదురుగా ఒక తనిఖీ పెట్టుకోవాలి. మొదటి పద్ధతిలో ప్రతి కొత్త ఆస్తి ప్రతిపాదనతో పాటు మరమ్మతు అంచనా కూడా జతచేయాలి. రెండో పద్ధతిలో వాయిదా వేసిన పనుల జాబితా ప్రతి మూడు నెలలకూ బోర్డు ముందుకు రావాలి.

ఇక సరుకుల దగ్గరికి వద్దాం.

కరెంటులో కాలం సెకన్లలో నడుస్తుంది. ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సరితూగాలి. ఉత్పత్తి తగ్గితే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, పడిపోతుంది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సాస్‌లో గడ్డకట్టే చలికి ప్లాంట్లు వరసగా ఆగిపోయి, 60 హెర్ట్జ్ ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ 59.4 కిందికి జారింది. అలా 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. 9 నిమిషాలు ఉండుంటే మిగిలిన జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి వాటంతట అవే విడిపోయేవి, గ్రిడ్ మొత్తం కూలేది. లోడ్ తెంచి, అంటే కొన్ని ప్రాంతాలకు కరెంటు ఆపేసి, గట్టెక్కారు. కానీ తెంచిన ఫీడర్లలో, అంటే ఒక్కో ప్రాంతానికి కరెంటు మోసే లైన్లలో, కొన్నిటి మీద గ్యాస్ ఉత్పత్తి, సరఫరా కేంద్రాలు ఉన్నాయి. అత్యవసర లోడ్‌గా వాటిని ముందే నమోదు చేయలేదు. కరెంటు పోయేసరికి గ్యాస్ తగ్గింది, గ్యాస్ తగ్గేసరికి ఇంకొన్ని ప్లాంట్లు ఆగాయి. ఒక దరఖాస్తు ఫారం నింపకపోవడం వల్ల రెండు రంగాలు ఒకదాన్నొకటి కిందికి లాగాయి. కాబట్టి ఏ ఫీడర్ మీద పంపింగ్ స్టేషన్, ఆసుపత్రి, టెలిఫోన్ ఎక్స్ఛేంజి, గ్యాస్ కేంద్రం ఉన్నాయో చెప్పే జాబితాను ఏటా తాజాగా రాసుకోవాలి. అది కంట్రోల్ రూమ్‌లో లోడ్ తెంచే స్విచ్ పక్కనే ఉండాలి.

కాలిఫోర్నియాది వేరే పాఠం. అక్కడ 1998లో టోకు ధరను మార్కెట్‌కు వదిలేసి, పెద్ద కంపెనీల చిల్లర ధరను మాత్రం కట్టేసి ఉంచారు. 2000లో టోకు ధర ఎగిరింది, చిల్లర ధర కదల్లేదు. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ 2001 ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరింది. కొనుగోలు ఖర్చు పెరిగితే టారిఫ్‌లోకి ఎన్ని రోజుల్లో చేరుతుంది, ఆ మధ్య కాలానికి బ్యాంకు పరిమితి ఎంత ఉంది అన్నవి రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండాలి.

నీళ్లలో తొందర తక్కువ. రిజర్వాయర్ ఉంది, కొన్ని గంటలు ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ వెసులుబాటే ఇక్కడి రోగాన్ని దాచేస్తుంది. కరెంటు నష్టం ఫీడర్ మీటర్‌లో తెలిసిపోతుంది. నీటి నష్టం భూమిలోకి ఇంకిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి అందరికన్నా నమ్మకమైన సాధనం రాత్రి ప్రవాహం. పద్ధతి చెబుతాను. వెయ్యి నుంచి రెండు వేల కనెక్షన్లున్న ప్రాంతాన్ని సరిహద్దు వాల్వులు మూసి, ఒకే మీటర్ గుండా నీళ్లు వచ్చేలా విడదీయాలి. ముందు ఆ మీటర్ వాల్వును కూడా మూసి ప్రెషర్ చూడాలి. ప్రెషర్ సున్నాకు పడిపోతే హద్దు గట్టిగా ఉన్నట్టు. పడకపోతే ఏదో వాల్వు సరిగ్గా మూసుకోలేదు, లేదా మ్యాపులో లేని లింకు పైపు ఉంది. చాలామంది ఈ పరీక్ష వదిలేసి, తర్వాత నెలల తరబడి పనికిరాని అంకెలు రాసుకుంటారు.

హద్దు తేలాక తెల్లవారుజామున 2 నుంచి 4 మధ్య అతి తక్కువ ప్రవాహం చూడాలి. 1500 కనెక్షన్లకు గంటకు 18 ఘనపు మీటర్లు వస్తోందనుకుందాం. ఆ వేళ ఒక్కో కనెక్షన్ నిజంగా వాడేది గంటకు 2 లీటర్లు అనుకుంటే మొత్తం 3 ఘనపు మీటర్లు. మిగతా 15 లీకేజీ. రోజుకు ఎంత అని 24తో హెచ్చవేయకూడదు. రాత్రి వాడకం లేక ప్రెషర్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి లీకు కూడా ఎక్కువే. పగటి ప్రెషర్ కొలిచి సర్దితే ఆ గుణకం చాలా చోట్ల 20 దరిదాపుల్లో తేలుతుంది, అంటే రోజుకు సుమారు 300 ఘనపు మీటర్లు. ఇళ్ల మీద ట్యాంకులు రాత్రిపూట నిండే చోట మాత్రం ఈ లెక్క మోసం చేస్తుంది. ట్యాంకు నిండటాన్ని లీకు అనుకుంటాం. అలాంటి చోట కొన్ని ఇళ్ల మీటర్లను అదే రాత్రి చదివించి ఆ వాడకాన్ని తీసేయాలి.

లీకు తగ్గించడానికి పైపు తవ్వడం ఒక్కటే మార్గం కాదు. నీటి స్తంభం ఎత్తు లెక్కన 50 మీటర్లున్న ప్రెషర్‌ను రాత్రి 40కి దించితే, కలగాపులగంగా రకరకాల పైపులున్న నెట్‌వర్క్‌లో లీకు కూడా దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. పైపులు పగలడమూ తగ్గుతుంది. ఒక్క ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వుతో అయ్యే పని ఇది. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, భూమిలోకి పోయిన నీటి విలువ దాన్ని శుద్ధిచేసి పంపిన ఖర్చంతే. దొంగ కనెక్షన్, మొరాయించిన మీటర్ వల్ల పోయిన నీటి విలువ అమ్మకం ధర. రెండింటినీ ఒకే శాతంలో కలిపి చూపిస్తే ముందు ఏది బాగుచేయాలో ఎవరికీ తెలియదు. ట్యాంకులోని తేలే బంతి వాల్వు మెల్లగా మూసుకునేటప్పుడు నీళ్లు సన్నటి ధారగా వస్తాయి. అరిగిన మీటర్ ఆ ధారకు తిరగదు. దొంగతనం లేకుండానే నీళ్లు లెక్క తప్పుతాయి.

నీళ్లలో అసలు ప్రమాదం పరిమాణంలో కాదు, నాణ్యతలో ఉంది. అది నెమ్మదిగా బయటపడుతుంది. మిషిగన్‌లోని ఫ్లింట్ నగరంలో ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో నీటి వనరును ఫ్లింట్ నదికి మార్చారు. పైపులు తుప్పు పట్టకుండా కలిపే ఫాస్ఫేట్‌ను కలపలేదు. పాత సీసపు పైపుల లోపలి పొర కరిగి సీసం ఇళ్లలోకి వచ్చింది. పిల్లల రక్తంలో సీసం కనిపించాక, 2015 అక్టోబరులో గానీ పాత వనరుకు తిరిగి మారలేదు. టారిఫ్ పట్టికలో అది రసాయనాల కింద ఒక చిన్న వరుస. కోత పెట్టేముందు ప్రతి వరుస దగ్గరా ఇది ఏ హానిని ఆపుతోంది అని కెమిస్టునీ ఆపరేటర్‌నీ అడగాలి. అకౌంట్స్ విభాగాన్ని అడిగితే ఆ జవాబు దొరకదు.

గ్యాస్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. పైపులోనే కొంత నిల్వ ఉంటుంది, దాన్ని లైన్‌ప్యాక్ అంటారు. కాబట్టి కొన్ని గంటలు సర్దుకోవచ్చు. లెక్కకు రాని గ్యాస్ పెరిగిందంటే వెంటనే లీకు అనుకోనక్కర్లేదు. మీటర్ కొలిచేది ఘనపరిమాణం, బిల్లు వేసేది 15 డిగ్రీల ప్రామాణిక లెక్కన. గ్యాస్ 5 డిగ్రీల దగ్గర ఉంటే అదే ఘనపరిమాణంలో 3.6 శాతం ఎక్కువ గ్యాస్ ఉంటుంది. సర్దుబాటు లేని మీటర్ దాన్ని చూడలేదు. దీనికి తోడు కొనుగోలు మీటర్ నెలాఖరున చదివి, ఇళ్ల మీటర్లు నెల మధ్యలో చదివితే చలి మొదలైన నెలలో నష్టం అమాంతం పెరిగినట్టు కనబడుతుంది. లీకు సర్వే తన షెడ్యూల్ ప్రకారం నడుస్తూనే ఉండాలి. కానీ పుస్తకంలోని తేడాను పట్టుకోవాలంటే పన్నెండు నెలల మొత్తం మీద చూడాలి.

ఆపడం, మళ్లీ ఇవ్వడం దగ్గర మూడూ పూర్తిగా విడిపోతాయి. కరెంటు ఫీడర్‌ను బ్రేకర్ వేసి మళ్లీ ఛార్జ్ చేయొచ్చు. చాలాసేపు ఆగితే ఫ్రిజ్‌లు, హీటర్లు అన్నీ ఒక్కసారే లాగుతాయి కాబట్టి ముక్కలు ముక్కలుగా ఇవ్వాలి. నీళ్లయితే గాలి వదిలి, పైపు కడిగి, క్లోరిన్ చూసి ఇవ్వాలి. కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. గ్యాస్ ఆగితే మాత్రం ఇంటింటికీ వెళ్లి వాల్వు మూసి, లైన్‌లో గాలి తీసి, ఇంటింటికీ మళ్లీ వెళ్లి వెలిగించాలి. గంటల్లో అయ్యే పని కాదు, రోజులు పడుతుంది. కరెంటు సంస్థ నుంచి వచ్చిన మేనేజర్ గ్యాస్‌లో కూడా వంతులవారీగా కోత పెడదాం అంటే అక్కడి ఇంజనీర్లు అదిరిపడడానికి ఇదే కారణం.

గ్యాస్‌లో ప్రమాదం ఎంత చిన్న చోట దాక్కుంటుందో 2018 సెప్టెంబరు 13న మసాచుసెట్స్‌లోని మెరిమాక్ లోయలో తెలిసింది. పాత పోత ఇనుప పైపుల బదులు ప్లాస్టిక్ పైపులు వేస్తున్నారు. అక్కడి రెగ్యులేటర్ స్టేషన్ పైపులో ప్రెషర్ ఎంతుందో సెన్సింగ్ లైన్ అనే సన్నటి గొట్టం ద్వారా తెలుసుకుంటుంది. తగ్గితే వాల్వు తెరుస్తుంది, పెరిగితే మూస్తుంది. ఆ గొట్టాలు పాత పైపు మీదే ఉండిపోయాయి. పాత పైపును విడదీయగానే అందులో ప్రెషర్ పడిపోయింది. రెగ్యులేటర్ తన పని తాను చేసింది. ప్రెషర్ తగ్గిందనుకుని పూర్తిగా తెరుచుకుంది. ప్రెషర్ అర పీఎస్ఐ (చదరపు అంగుళానికి అర పౌండు) ఉండాల్సిన ఇళ్ల లైన్లలోకి దానికి ఎన్నో రెట్లు వెళ్లింది. లారెన్స్, ఆండోవర్, నార్త్ ఆండోవర్ పట్టణాల్లో ఇళ్లు అంటుకున్నాయి, పేలాయి. ఒక యువకుడు చనిపోయాడు. యంత్రాల్లో ఏ ఒక్కటీ చెడిపోలేదు. పని ఉత్తర్వులో ఆ గొట్టాలను మార్చాలన్న ఒక్క మాట లేదు.

టెలికాం గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. అక్కడ మరో నిమిషం మాట్లాడించడానికి అదనపు ఖర్చు దాదాపు శూన్యం. వినియోగదారు నంబరుతో సహా పక్క కంపెనీకి వెళ్లిపోగలడు. నీటి పైపు యాభై ఏళ్లు దాటి బతుకుతుంది, రేడియో పరికరం పదేళ్లలో పాతబడుతుంది. నీటి సంస్థ అలవాటుతో తరుగుదల కాలం పొడుగ్గా పెడితే, పరికరం అటకెక్కాక కూడా పుస్తకంలో విలువ మిగిలిపోతుంది. దాన్ని వసూలు చేసుకోవడానికి వినియోగదారు మిగలడు.

రైల్వే నుంచి తీసుకోవలసిన పాఠం ఒకటుంది. బ్రిటన్‌లో 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ దగ్గర పట్టా పగిలి రైలు పట్టాలు తప్పింది, నలుగురు చనిపోయారు. పట్టాల యజమాని అయిన రైల్‌ట్రాక్ దగ్గర ఇలాంటి పగుళ్లు ఇంకెక్కడెక్కడ ఉన్నాయో చెప్పే సరైన రికార్డు లేదు. తెలియక దేశమంతా వందల చోట్ల వేగం తగ్గించాల్సి వచ్చింది. ఏడాది తిరగకముందే ఆ కంపెనీ చేతులెత్తేసింది.

ఆస్తుల రిజిస్టర్‌ను చాలా చోట్ల ఆడిట్ కోసమే నడుపుతారు. కొన్న తేదీ, ధర, తరుగుదల ఉంటాయి. ఎక్కడ ఉంది, ఏ స్థితిలో ఉంది, దేని మీద ఆధారపడి ఉంది, అది ఆగితే ఇంకేం ఆగుతుంది అన్నవి ఉండవు. కొత్తగా ఒక సంస్థ బాధ్యత తీసుకున్నవాళ్లు మొదటి నెలలో చేయదగ్గ పరీక్ష చెబుతాను. రిజిస్టర్‌లోంచి ఎటూ ఎంచకుండా ఇరవై ఆస్తులు తీసుకుని ఫీల్డ్‌లో వెతికించండి. తర్వాత ఏదో ఒక స్టేషన్‌కో, పంపుహౌస్‌కో వెళ్లి అక్కడ కంటికి కనబడ్డ ఇరవై వస్తువులు రాసుకొచ్చి రిజిస్టర్‌లో వెతికించండి. మొదటిది ఆడిటర్లు ఎలాగూ చేస్తారు. రెండోది చాలా చోట్ల ఎవరూ చేయరు. మెరిమాక్ లోయలోని ఆ సెన్సింగ్ గొట్టాల్లాంటివి దొరికేది ఆ రెండో దాంట్లోనే. అవి పని చేస్తూనే ఉంటాయి, పని జరిగే చోటుకు తీసుకెళ్లిన డ్రాయింగ్‌లో మాత్రం ఉండవు.